కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు

మనవాళ్ళు తరచుగా వాడే మాట ఒకటుంది, "కట్టుబట్టలతో బయటపడ్డారు" అని. వరదొచ్చినా ఆ మాటే, ఇల్లంటుకున్నా ఆ మాటే. ఇంకేమీ మిగల్లేదని చెప్పడానికి అంటాం. ఒంటిమీది బట్టని మనం ఆస్తి కింద లెక్కెయ్యం కదా, అందుకే ఆ మాట పుట్టింది కాబోలు.

కానీ ఒకచోట ఆ కట్టుబట్టలే ఆస్తి అయ్యాయి. పోగొట్టుకున్న ఊరికి చిరునామా అయ్యాయి. ఆడవాళ్ళకి జీతం తెచ్చిపెట్టాయి, పిల్లలకి బడి పెట్టించాయి. ఆ చోటు పాలస్తీనా శరణార్థుల శిబిరాలు. "అమ్మో, అది రాజకీయం, మావారు చదివే పేజీలో ఉండాలి" అని పుట తిప్పెయ్యకండి. పెద్దమనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందాల చరిత్ర వాళ్ళు చదువుకుంటారు లెండి. నేను చెప్పబోయేది సూదీ దారం, పలకా బలపం, పొయ్యీ గిన్నే - వీటి చరిత్ర. ఇది ఎవరూ అంతగా చెప్పరు.

ముందు రెండు ముక్కల్లో సంగతి చెప్తాను. 1948లో బ్రిటిష్ వాళ్ళు పాలస్తీనా వదిలి వెళ్ళారు. ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. యుద్ధం జరిగింది. ఆ రోజుల్లో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్ళు వదిలిపెట్టాల్సి వచ్చింది. కొందరిని తరిమేశారు, కొందరు ప్రాణభయంతో పారిపోయారు. నాలుగు వందలకు పైగా ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. దాన్ని వాళ్ళు 'నక్బా' అంటారు, మహా విపత్తు అని అర్థం. చాలామంది తలుపుకి తాళం వేసి, తాళంచెవి మూటగట్టుకుని వెళ్ళారు. తాళం వేశారంటేనే తెలుస్తోంది కదండీ, నాలుగు రోజుల్లో తిరిగి వచ్చేస్తాం అనుకున్నారన్నమాట.

రాలేకపోయారు. ఐక్యరాజ్యసమితి 1949 డిసెంబరులో వీళ్ళ కోసమే ఒక సహాయ సంస్థను పెట్టింది. 1950 మే 1న అది పని మొదలుపెట్టింది. జోర్డాన్, లెబనాన్, సిరియా, పశ్చిమ తీరం, గాజా - ఈ అయిదు చోట్లా కలిపి 58 శిబిరాలు ఆ సంస్థ లెక్కలోకి వచ్చాయి. మొదట గుడారాలు. చలికాలం వస్తే వాన, బురద, కొండ ప్రాంతాల్లో మంచు. తరువాత సిమెంటు ఇటుకల గదులు కట్టారు. మూడు మీటర్ల పొడుగు, మూడు మీటర్ల వెడల్పు, ఒక కుటుంబానికి ఒక గది. నీళ్ళకి వీధి కుళాయి, మిగతా అవసరాలకి నలుగురితో పాటు వరుసలో నిలబడడం.

తిండికి రేషను కార్డు. మనిషికి నెలకి సుమారు 10 కిలోల పిండి, కాస్త పప్పు, కాస్త పంచదార, కాస్త బియ్యం, కాస్త నూనె. వేసవిలో రోజుకి 1,500 కేలరీలు, చలికాలంలో 1,600 వచ్చేలా లెక్కకట్టారు. లెక్క సరిగానే ఉంది, ఎవరూ ఆకలితో చనిపోకూడదు. కానీ ఇల్లు నడిపే ఆడదాన్ని అడగండి. మనిషి బతకడానికీ సంసారం నడవడానికీ మధ్య ఎంత దూరమో ఆవిడ చెప్తుంది. కార్డులో తలకాయలు ఉంటాయి, మనుషులుండరు. పైగా శరణార్థి హోదా తండ్రి వైపు నుంచే పిల్లలకి సంక్రమించేది. శరణార్థి కానివాణ్ణి పెళ్ళాడిన ఆడపిల్ల బిడ్డలకి ఆ సాయం అందేది కాదు. ఇల్లు పోగొట్టుకోవడంలో ఆడా మగా తేడా లేదు గానీ, కార్డు దగ్గరికి వచ్చేసరికి వచ్చేసింది చూడండి.

ఇప్పుడు ఆ కట్టుబట్టల సంగతి. పాలస్తీనా పల్లెల్లో ఆడవాళ్ళు వేసుకునే పొడుగాటి అంగీని 'థోబ్' అంటారు. దాని ఛాతీ మీద, చేతుల మీద, పక్కల్లో దట్టంగా కుట్టుపని ఉంటుంది. ఆ కుట్టుపనిని 'తత్రీజ్' అంటారు. మనలో చాలామంది చిన్నప్పుడు మ్యాటీ గుడ్డ మీద ఇంటూ గుర్తులు వేసుకుంటూ కుట్టిన క్రాస్ స్టిచ్చే ముఖ్యంగా వాళ్ళదీ. ఆడపిల్ల ఏడెనిమిదేళ్ళకే సూది పట్టుకుని, పెళ్ళినాటికి తన బట్టలు తానే కుట్టుకునేది. అమ్మ దగ్గరా నాయనమ్మ దగ్గరా నేర్చుకున్నదే. 1930ల నాటికి ఫ్రాన్సు నుంచి డీ.ఎం.సీ. దారం, ఆ కంపెనీ డిజైన్ల పుస్తకాలు వాళ్ళ పల్లెల్లోకి వచ్చేశాయి. దాంతో పాత ముగ్గుల పక్కన పువ్వులూ పిట్టలూ కూడా చేరాయి. మన దగ్గర డిజైన్ల పుస్తకం ఇంటింటికీ తిరిగినట్టే అక్కడా తిరిగి ఉంటుంది.

విశేషం ఏమిటంటే, ప్రతి ప్రాంతానికీ తనదైన పద్ధతి ఉండేది. తెల్లని నార బట్ట మీద ఎర్ర పట్టుదారంతో కుడితే రమల్లా పక్కవాళ్ళు అనుకోవచ్చు. బంగారు జరీ తాడు మెలికలు తిప్పి అతికి కుడితే బెత్లెహేము. 'పాషాగారి గుడారం' అనే నమూనా ఉంటే హెబ్రోన్ వైపు. ఖర్జూరపు చెట్టు, సరుగు చెట్టులా నిటారుగా ఉండే సైప్రస్ చెట్టు, చందమామ - ఇవన్నీ పేర్లున్న నమూనాలు. సంతలో ఎదురుపడిన ఆడమనిషిని పలకరించకుండానే, ఆవిడ ఏ ఊరావిడో, పెళ్ళయిందో లేదో, కలిగినవాళ్ళో కాదో అంగీ చూసి చెప్పేవారట. ఆరా తీసే శ్రమ లేదన్నమాట!

అలాంటి అంగీలతో శిబిరాల్లోకి వచ్చారు. మొదటి ఏళ్ళలో పిండికీ మందుకీ డబ్బుల్లేక చాలామంది ఆ అంగీలనే అమ్ముకున్నారు. పెళ్ళినాటి పట్టుచీర అమ్ముకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నవాళ్ళు దాన్ని వింత వస్తువుగా గోడకి తగిలించుకున్నారు. అమ్మినావిడకి అది ఊరు.

సరిగ్గా అప్పుడే ఎవరికో ఒక మంచి ఆలోచన వచ్చింది. అంగీ అమ్ముకుంటే ఒక్కసారే డబ్బొస్తుంది, దాన్ని కుట్టే విద్య అమ్ముకుంటే నెలనెలా వస్తుంది కదా అని. 1950లో గాజాలో సమితి సంస్థ ఆధ్వర్యంలో 'సులాఫా' అనే ఎంబ్రాయిడరీ కేంద్రం మొదలైంది. మిగతా చోట్లా కుట్టు కేంద్రాలు వచ్చాయి. ఒక గది, నాలుగు మిషన్లు, గుడ్డ, దారం. పైకి చూస్తే అంతే.

నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఈ గదే. ఎందుకో చెప్తాను. పల్లెటూళ్ళో ఆడవాళ్ళు నలుగురూ కలుసుకునే చోట్లు కొన్నుంటాయి - నూతి గట్టు, కళ్ళం, రొట్టెలు కాల్చే ఉమ్మడి పొయ్యి. శిబిరంలో అవేమీ లేవు. ఉన్నదల్లా కుళాయి దగ్గర వరుస, రేషను దగ్గర వరుస. వరుసలో నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ వీపు ఒకళ్ళు చూస్తారు. కుట్టు గదిలో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తారు. అక్కడ ఒక ఊరావిడ నమూనా ఇంకో ఊరావిడ నేర్చుకుంది. అలా కలిసిపోయి 1960ల నాటికి శిబిరాల్లో కొత్తరకం అంగీ పుట్టింది. నడుము నుంచి కింది దాకా ఆరు నిలువు పట్టీల కుట్టు, దాన్ని 'ఆరు కొమ్మల అంగీ' అన్నారు. ఏ ఒక్క ఊరిదీ కాదది, శిబిరానిది.

ఆ గదిలోకి మెల్లిగా మిగతావీ వచ్చి చేరాయి. తల్లి కుట్టుకుంటుంటే చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు? పక్కన పిల్లల గది వచ్చింది. కూలి లెక్క రాసుకోవాలంటే చదువు రావాలి. సాయంత్రం అక్షరాలు దిద్దించడం వచ్చింది. తరువాత టైపు, ప్రథమ చికిత్స, బాలింతలకి సలహాలు. మహిళా కార్యక్రమ కేంద్రాలు అని వాటికి పేరొచ్చింది. కొన్నేళ్ళకి వాటి నిర్వహణ శిబిరాల్లోని కమిటీల చేతికే వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది దాటేసి వెళ్ళిపోవడం న్యాయం కాదు. శిబిరాన్ని బాగుచేసుకోవడం అంటే శిబిరమే ఇల్లని ఒప్పుకోవడమా? శరణార్థులకి మొదటినుంచీ ఈ భయం ఉంది. "ఇక్కడే స్థిరపడండి, అక్కడే స్థిరపడండి" అని పైవాళ్ళు పథకాలు వేసినప్పుడల్లా తిరగబడ్డారు. గాజాలోని శరణార్థులను సినాయిలో స్థిరపరచాలని ఆలోచన చేస్తే 1955లో ఊరేగింపులు తీశారు. గట్టి కప్పు వేసుకుంటే తిరిగివెళ్ళే హక్కు వదులుకున్నట్టవుతుందేమోనని అనుమానపడ్డవాళ్ళున్నారు. మనకి వింతగా తోస్తుంది. కానీ ఇల్లు కాజేసిన దాయాది "నీకు పెరట్లో పాక వేయిస్తాలే" అంటే మనం మాత్రం ఊరికే సరే అంటామా?

ఆ చిక్కుముడిని మాటల్లో ఎవరూ విప్పలేకపోయారు. కుట్టు గది మాత్రం చేతల్లో విప్పింది. పోయిన ఊరి నమూనాని ఈవేళ కుడితే, ఈవేళ్టికి కూలి వచ్చింది, పోయిన ఊరు చేతిలో ఉండిపోయింది. మర్చిపోకుండా బతకడం ఎలాగో ఆ గది నేర్పింది. తరువాత వచ్చిన ప్రతి కేంద్రమూ ఏదో రూపంలో ఇదే పని చేసింది.

సమీహా ఖలీల్ అనే ఆవిడ కథ వినండి. 1923లో అనబ్తా అనే ఊళ్ళో పుట్టింది. చదువు మధ్యలో పెళ్ళయింది. 1948లో తనూ శరణార్థి అయి గాజా చేరింది. 1952లో రమల్లా పక్కన అల్ బిరేకి వచ్చింది. పిల్లల్ని పెంచుకుంటూ, నలభై దాటాక, 1964లో హైస్కూలు చదువు పూర్తిచేసింది. మరుసటి ఏడాది 'ఇనాష్ అల్ ఉస్రా' అని సంస్థ పెట్టింది, కుటుంబానికి మళ్ళీ ప్రాణం పొయ్యడం అని అర్థం. పల్లెల్లో, శిబిరాల్లో ఉన్న ఆడవాళ్ళ ఇళ్ళకే గుడ్డా దారం పంపి కుట్టించి కూలి ఇచ్చేవారు. ఆడపిల్లలకి వృత్తివిద్యలు, చంటిపిల్లలకి బడి, పాత బట్టలకీ పనిముట్లకీ మ్యూజియం. 1988లో ఇజ్రాయెల్ సైన్యం ఆ సంస్థను మూయించింది. మళ్ళీ తెరిచారు. 1996లో పాలస్తీనా అధ్యక్ష పదవికి యాసర్ అరాఫత్ మీద పోటీకి నిలబడింది ఒకే ఒక్కరు, ఈ సమీహాగారే. గెలవలేదనుకోండి. నలభై దాటాక ఏం చదువుతాంలే అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ పేరా ఇంకోసారి చదవండి.

లెబనాన్‌లో ఇంకో రకం. అక్కడ పాలస్తీనీయులకి చాలా ఉద్యోగాలు చట్టం ప్రకారమే నిషిద్ధం. 1969లో యుగెట్ కలాన్ అనే చిత్రకారిణి, ఆ దేశపు మాజీ అధ్యక్షుడి కూతురు, మరికొందరు స్త్రీలతో కలిసి 'ఇనాష్' అనే సంఘం పెట్టింది. పేరు దగ్గరగా ఉంది గానీ సంస్థ వేరు. శిబిరాల్లోని ఆడవాళ్ళ చేత పాత నమూనాలు వెదికి కుట్టించి, దిండు గలీబులు, శాలువలు చేయించి అమ్మేవారు. బీరూట్ గొప్పింటి సోఫాల మీద శిబిరాల కుట్టు చేరింది. దీన్ని విమర్శించిన వాళ్ళూ ఉన్నారు. కుట్టినావిడ కళ్ళు పోయేట్టు కుడితే దక్కేది కొంచెం, గలీబు చూపించుకుని మెచ్చుకోళ్ళు పొందేది ఇంకొకరు అని. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ కొంచెం డబ్బూ ఇంటి ఆడదాని చేతికి వచ్చిందన్న సంగతి కూడా తూకంలో వెయ్యాలి.

1972లో రచయిత ఘసాన్ కనఫానీ బీరూట్‌లో కారు బాంబు పేలి చనిపోయాడు, పక్కనే ఉన్న మేనకోడలు కూడా. ఆయన భార్య ఆనీ డెన్మార్క్ దేశస్థురాలు. పుట్టింటికి వెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ వెళ్ళలేదు. 1974లో భర్త పేరున సంస్థ పెట్టి బుర్జ్ అల్ బరాజ్నే శిబిరంలో మొదలుపెట్టి చంటిపిల్లల బళ్ళు తెరిచింది. సమితి బళ్ళు ఒకటో తరగతి నుంచి కదా, అంతకుముందు వయసు పిల్లలు సందుల్లో తిరగాల్సిందేగా మరి.

1976 ఆగస్టులో, లెబనాన్ అంతర్యుద్ధంలో, తెల్ అల్ జాతర్ శిబిరం నెలల తరబడి ముట్టడి తరువాత పడిపోయింది. వేలమంది చనిపోయారు. అనాథలైన పిల్లల కోసం అదే ఏడు 'బైత్ అత్ఫాల్ అస్సుమూద్' పుట్టింది. 'సుమూద్' అంటే నిలదొక్కుకుని ఉండడం. నిలదొక్కుకున్న పిల్లల ఇల్లన్నమాట. మొదట అనాథాశ్రమంలా ఉన్నా, తరువాత పిల్లల్ని బంధువుల ఇళ్ళలోనే ఉంచి సాయం చేసే పద్ధతికి మారింది. పిల్లవాడికి మంచం ఒక్కటే చాలదు, అత్తయ్యో పిన్నో ఉండాలని గ్రహించారు.

1987లో మొదటి తిరుగుబాటు వచ్చింది. పాలస్తీనా జెండా ఎగరేస్తే నేరం. అప్పుడు ఆడవాళ్ళు జెండా రంగుల్నీ దేశపటాన్నీ అంగీ మీద కుట్టేసుకున్నారు! బళ్ళు నెలల తరబడి మూసేశారు. జెనిన్ శిబిరంలో పిల్లల కోసం ఇళ్ళు తెరిచినావిడ ఎవరో తెలుసా? ఆర్నా మెర్ ఖమీస్. 1948లో ఇజ్రాయెల్ వైపు యుద్ధంలో పాల్గొన్న యూదు స్త్రీ. బొమ్మలు గీయించింది, మనసులో కోపం బయటికి చెప్పించింది. 1993లో ఆవిడ పనికి అంతర్జాతీయ బహుమతి వస్తే ఆ డబ్బుతో పిల్లలకి నాటకశాల కట్టించింది. 1995లో చనిపోయింది. 2002లో జెనిన్ యుద్ధంలో ఆ నాటకశాల నేలమట్టమైంది. అందులో ఆడిన పిల్లల్లో కొందరు పెరిగి ఆయుధాలు పట్టి చనిపోయారు. ఆర్నా కొడుకు జూలియానో 2004లో తీసిన చలనచిత్రం ఆ పిల్లల కథే. నాటకాలాడిస్తే లోకం బాగుపడుతుందని చెప్పి నేను మిమ్మల్ని మభ్యపెట్టను. 2006లో జూలియానో అక్కడే మళ్ళీ 'స్వేచ్ఛా నాటకశాల' తెరిచాడు. 2011 ఏప్రిల్‌లో ఎవరో ఆయన్ని కాల్చి చంపారు. నాటకశాల మాత్రం కొనసాగింది.

బెత్లెహేము పక్కన దెహీషే శిబిరంలో 1994లో 'ఇబ్దా' అనే సాంస్కృతిక కేంద్రం వచ్చింది. పిల్లలు 'దబ్కే' నృత్యంలో తాతల కథ చెప్తూ విదేశాలు కూడా తిరిగి వచ్చారు. ఆ శిబిరంలో ఉన్నవాళ్ళు నలభైకి పైగా ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. "మీదే ఊరు?" అని పిల్లవాణ్ణి అడిగితే తను ఎన్నడూ చూడని ఊరి పేరు చెప్తాడు. పక్కనే ఉన్న ఐదా శిబిరంలో 1998లో 'అల్ రొవ్వాద్' మొదలైంది, అక్కడా నాటకాలు, పుస్తకాలు. బుర్జ్ అల్ బరాజ్నేలో 2013లో మరియం షార్ అనే ఆవిడ శిబిరం ఆడవాళ్ళని కూడగట్టి 'సూఫ్రా' అని వంటల సంస్థ పెట్టింది. భోజనం వడ్డించిన బల్ల అని అర్థం. తిండి అమ్మే వ్యాను కొందామంటే విరాళాలు దొరికాయి గానీ లైసెన్సుకి చాలాకాలం తిరగాల్సి వచ్చింది. చివరికి వ్యాను రోడ్డెక్కింది. రేషను పిండి కోసం వరుసలో నిలబడ్డవాళ్ళ మనవరాళ్ళు పిండివంటలు చేసి నగరానికి వడ్డించారు.

2021లో పాలస్తీనా కుట్టుపనిని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషించాం. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి, దాని వెంట వచ్చిన యుద్ధం. గాజా జనంలో ఇంచుమించు అందరూ ఇళ్ళు వదిలారు, చాలామంది ఒకసారి కాదు, పదేపదే. బళ్ళు తలదాచుకునే చోట్లయ్యాయి. 1948లో గుడారంలో ఉన్నావిడ మనవరాలు మళ్ళీ గుడారంలోకి వచ్చింది. 2025 మొదట్లో పశ్చిమ తీరంలో జెనిన్, తుల్కారెం, నూర్ షమ్స్ శిబిరాలు సైనిక చర్యలో ఖాళీ అయ్యాయి, సుమారు 40,000 మంది బయటికి వెళ్ళిపోయారు. శిబిరం నుంచి కూడా కట్టుబట్టలతోనే.

అందుకే ఈ కేంద్రాల గురించి రాస్తుంటే గోడలూ కప్పులూ లెక్కపెట్టాలనిపించదు. అవి ఎన్నిసార్లు కూలాయో, ఎన్నిసార్లు లేచాయో చూశారుగా. కుట్టు నేర్పేటప్పుడు పెద్దవాళ్ళు పిల్ల చేతిలోంచి గుడ్డ తీసుకుని వెనక్కి తిప్పి చూస్తారు. ముందువైపు ఎవరైనా బాగానే కుడతారు, పనితనం తెలిసేది వెనకవైపు అంటారు. ఇది మన ఇళ్ళలోనే కాదు, తత్రీజ్ కుట్టే ఇళ్ళలోనూ ఉన్న మాటే. ఈసారి పేపర్లో పాలస్తీనా పేరు కనబడినప్పుడు, నాయకులు చేతులు కలుపుకునే ఫోటో చూశాక, ఆ గుడ్డని కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ముళ్ళు వేస్తూ, తెగిన దారం మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్నవాళ్ళు మనలాంటివాళ్ళే.